మన మూడ్ అడగని క్యాలెండర్ – పిల్లలకి ఒక ఉత్తరం

పిల్లలూ,

మీలో చాలామంది అటు తిప్పి ఇటు తిప్పి నన్ను అడిగేది ఒకటే. దేవుణ్ణి నమ్ముతాం తాతయ్యా, ఆదివారం చర్చికీ వస్తాం, కానీ సోమవారం పొద్దున లేచాక ఆ నమ్మకంతో ఏం చెయ్యాలో తెలీదు, ప్రార్థనకి కూర్చుంటే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి, బైబిల్ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాదు అని. దీనికి నా దగ్గర కొత్త టెక్నిక్ ఏదీ లేదు గానీ చాలా పాతది ఒకటుంది, చర్చి క్యాలెండర్. క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఆగమన కాలం, క్రిస్మస్, జ్ఞానులు వచ్చిన ఎపిఫనీ, ఈస్టర్ ముందు ఉపవాస కాలమైన లెంట్, ఈస్టర్, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు, ఆ తర్వాత పొడుగ్గా సాగే సామాన్య కాలం. బలిపీఠం మీద గుడ్డ ఊదా నుంచి తెలుపుకి, తెలుపు నుంచి ఆకుపచ్చకి మారడం చిన్నప్పట్నించీ చూస్తూనే ఉంటారు, ఎందుకు మారుతోందో ఎవరూ చెప్పి ఉండరు.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఏంటంటే, ఈ క్యాలెండర్ మన మూడ్ ఏంటని అడగదు. మనం మామూలుగా ఎలా ఉంటామంటే బాధగా ఉంటే ఓదార్పు వాక్యాలు వెతుక్కుంటాం, హుషారుగా ఉంటే స్తుతి పాటలు పెట్టుకుంటాం, అలా మనకి నచ్చిన ఓ పది వాక్యాల చుట్టూనే ఏళ్ళ తరబడి తిరుగుతుంటాం. సీజన్ అలా కాదు, నీకు ఏడవాలని లేకపోయినా ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోబెడుతుంది, నీకు సంతోషం లేకపోయినా సంతోషించడం ప్రాక్టీస్ చేయిస్తుంది. మన మూడూ సీజనూ కలవని రోజుల్లోనే అది ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఆగమన కాలం నుంచి చూద్దాం, ఎందుకంటే చర్చికి కొత్త సంవత్సరం జనవరి 1న రాదు, డిసెంబర్ 25కి ముందు వచ్చే నాలుగో ఆదివారం వస్తుంది. బయట అప్పటికే క్రిస్మస్ అయిపోయినంత హడావుడి, స్టార్లు, సేల్స్, పాటలు. లోపల చర్చిలో ఆ మొదటి ఆదివారం చదివే సువార్తలో పశువుల తొట్టె ఉండదు, బాలయేసు ఉండడు, మెలకువగా ఉండండి, ప్రభువు ఏ రోజు వస్తాడో మీకు తెలీదు అనే హెచ్చరిక ఉంటుంది. రెండో వారం, మూడో వారం బాప్తిస్మమిచ్చు యోహాను. మరియమ్మ కథ వినాలంటే మామూలుగా నాలుగో వారం దాకా ఆగాలి.

మూడేళ్ళకోసారి మూడో ఆదివారం మత్తయి 11 చదువుతారు, అది నాకు చాలా ఇష్టం. యోహాను జైల్లో ఉన్నాడు. ఎవరి కోసం జీవితమంతా దారి సిద్ధం చేశాడో ఆయన బయటే తిరుగుతున్నాడు, కానీ జైలు తలుపు మాత్రం తెరుచుకోవట్లేదు. అప్పుడు తన శిష్యుల్ని పంపి యేసుని అడిగించాడు, “రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?” అంత పెద్ద ప్రవక్తకి అనుమానం వచ్చింది. యేసు ఆయన్ని తిట్టలేదు, గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, మీరు విన్నవి కన్నవి వెళ్ళి చెప్పండి అన్నాడు. అలాగని జైలు తలుపూ తెరవలేదు. రిజల్ట్స్ కోసం, ఉద్యోగం కాల్ కోసం, ఇంట్లో ఎవరికో జబ్బు నయం కావడం కోసం ఎదురుచూసే మీకు ఇంతకంటే నిజాయితీ ఉన్న కథ ఏం చెప్పగలను? ఆ నాలుగు వారాలూ ఒక పని చెయ్యండి, దేనికోసం ఎదురుచూస్తున్నారో అది రోజుకి ఒక్కసారి దేవుడి ముందు పేరు పెట్టి చెప్పండి, చెప్పేసి మీ పని చూసుకోండి. ఫోన్ రిఫ్రెష్ కొట్టడం వేరు, కనిపెట్టడం, అంటే నమ్మకంతో ఎదురుచూడటం వేరు.

ఆగమన కాలంలో వెలిగించే కొవ్వొత్తుల చక్రం కూడా మొదట పిల్లల కోసం పెట్టిందే తెలుసా? 1839లో జర్మనీలో హాంబర్గ్ దగ్గర యోహాన్ విఖర్న్ అనే పాస్టర్ గారు పేద పిల్లల కోసం ఒక హోమ్ నడిపేవారు, క్రిస్మస్ ఎప్పుడు క్రిస్మస్ ఎప్పుడు అని పిల్లలు ప్రాణం తీస్తుంటే ఒక బండి చక్రం తెచ్చి రోజుకొక చిన్న కొవ్వొత్తి, ఆదివారానికి ఒక పెద్దది చొప్పున అమర్చారట. మనం ఇప్పుడు నాలుగుతో సరిపెడుతున్నాం.

ఇక క్రిస్మస్ గురించి మీకు నేను చెప్పేదేముంది, ఒక్కటి తప్ప. పాశ్చాత్య సంఘాల క్యాలెండర్ చూడండి, 25న పండుగ, 26న రాళ్ళతో కొట్టి చంపబడ్డ స్తెఫను జ్ఞాపకం, 28న హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లల జ్ఞాపకం. కేక్ ఇంకా అయిపోకముందే! ఎవరు పెట్టారో గానీ గుండె ఉన్నవాళ్ళు పెట్టారు. ఎందుకంటే ప్రతి క్రిస్మస్‌కీ ఎవరో ఒకరి ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది, అందరూ హ్యాపీగా ఉన్నప్పుడు మాకే ఎందుకిలా అని వాళ్ళు లోపల్లోపల కుమిలిపోతారు. వాళ్ళకి కూడా ఈ పండుగలో చోటుందని చర్చి ఎప్పుడో రాసిపెట్టింది. మీ ఫ్రెండ్స్‌లో ఆ సంవత్సరం ఎవర్నైనా పోగొట్టుకున్నవాళ్ళుంటే 25న గ్రీటింగ్ కంటే 28న ఒక ఫోన్ కాల్ ఎక్కువ అవసరం. జనవరి 6న ఎపిఫనీ, జ్ఞానుల కథ, అది మీకు నోటికొచ్చు కాబట్టి ముందుకెళ్దాం.

లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం దగ్గర కాస్త ఆగుతాను. పోయిన సంవత్సరం మట్టల ఆదివారం (ఈస్టర్ ముందు ఆదివారం) నాడు హోసన్నా అని ఊపిన మట్టల్నే ఎండబెట్టి కాల్చి ఆ బూడిద చేస్తారు, చాలా చర్చిల్లో పద్ధతి అదే. ఫాదర్ గారో పాస్టర్ గారో బొటనవేలు అందులో అద్ది నుదుటి మీద సిలువ గీస్తారు, గీసేటప్పుడు రెండు రవ్వలు రాలి ముక్కు మీద పడతాయి, తుడుచుకోవాలా వద్దా అని చెయ్యి సగం లేచి ఆగిపోతుంది. అప్పుడు చెప్పే మాట ఆదికాండంలోది, “నీవు మన్నే గనుక తిరిగి మన్నై పోదువు.” తల్లి చంకలో ఉన్న పసిబిడ్డకి అదే మాట, చేతికర్రతో వచ్చిన ముసలాయనకి అదే మాట. మీ వయసులో ఎవరూ మీతో మీరు చనిపోతారని మొహం మీద చెప్పరు కదా, ఏడాదికి ఒక్కసారి ప్రేమ ఉన్నవాళ్ళు చెప్తే వినడం మంచిదే, ఆ రోజు ఇన్‌స్టాలో లైకుల లెక్క కాస్త చిన్నగా కనపడుతుంది.

ఇంకో తమాషా ఏంటంటే, అదే రోజు చదివే సువార్త మత్తయి 6, ఉపవాసం ఉన్నప్పుడు మొహం వేలాడేసుకోకండి, శుభ్రంగా మొహం కడుక్కోండి, మనుషులకి చూపించుకోకండి అని యేసు చెప్పిన భాగం. నుదుటి మీద బూడిద పెడుతూనే చూపించుకోవద్దని చదవడం! ఆ ఇబ్బంది కావాలనే అలా ఉంచారేమో అనిపిస్తుంది నాకు. కాబట్టి నేను లెంట్‌లో ఫలానాది మానేశాను అని స్టేటస్ పెట్టేవాళ్ళు పెట్టే ముందు ఆ అధ్యాయం ఇంకోసారి చదువుకోండి బాబూ.

లెంట్ 40 రోజులంటారు, మీరు లెక్కేస్తే ఈస్టర్ ముందు రోజు దాకా 46 వస్తాయి, తప్పు లెక్క కాదు, మధ్యలో ఆరు ఆదివారాలు కలపరు, ఎందుకంటే లెంట్‌లో అయినా సరే ఆదివారం పునరుత్థాన దినమే. అదే మత్తయి 6లో ఉపవాసం ఒక్కటే లేదు, దానధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడూ వరసగా ఉన్నాయి, మనం మూడోదాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాం. యెషయా 58 ఇంకా ఘాటుగా ఉంటుంది, ఉపవాసం ఉండి పనివాళ్ళని పీడిస్తారు, కొట్లాడుకుంటారు, ఇదేనా నాకు ఇష్టమైన ఉపవాసం అని దేవుడు నిలదీస్తాడు, నీ ఆహారం ఆకలిగొన్నవాడికి పెట్టు అంటాడు. అందుకని మానేసిన దాని లిస్ట్ కంటే మిగిలినది ఎక్కడికెళ్ళిందో చూసుకోండి. రోజుకి ఒక గంట రీల్స్ మానేశారు సరే, ఆ గంట వెబ్ సిరీస్‌కి పోతే ఏం లాభం? చాలా రోజులుగా మాట్లాడని అన్నకో చెల్లికో ఫోన్ చెయ్యడానికి పోతే అది లెంట్. డబ్బు మిగిలిందా, ఎవరికి ఇచ్చారో ఎవరికీ చెప్పకండి. ఇంకోమాట, ఒంట్లో బాగోనివాళ్ళు, తిండి విషయంలో ఇప్పటికే ఇబ్బంది పడుతున్నవాళ్ళు అన్నం మానకండి. కేథలిక్ సంఘం నియమంలో కూడా 18 నిండని వాళ్ళకి ఉపవాసం తప్పనిసరి కాదు. దేవుడికి మీ నీరసం అక్కర్లేదు.

ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం మొత్తం ఇక్కడ చెప్పలేను. గురువారం రాత్రి మాత్రం వీలైతే ఒక్కసారి ఆరాధన అయ్యాక ఆగి చూడండి. బల్ల మీద గుడ్డ మడిచి తీసేస్తారు, కొవ్వొత్తి స్టాండ్లు తీసేస్తారు, పూలు తీసేస్తారు, చివరికి ఉట్టి చెక్కో రాయో మిగులుతుంది, ఎవరూ ఆశీర్వాదం చెప్పరు, అందరూ మాటల్లేకుండా వెళ్ళిపోతారు. మర్నాడు కీర్తన 22, నా దేవా నా దేవా నీవు నన్నేల విడనాడితివి. శనివారం అయితే ఏమీ లేదు, ఈస్టర్ రాత్రి జాగరణ మొదలయ్యే దాకా చర్చి ఖాళీ. ప్రార్థనకి జవాబు రాని రోజులు మన జీవితంలో చాలానే ఉంటాయి, అలాంటి రోజు ఒకటి అధికారికంగా క్యాలెండర్‌లోనే ఉంది కాబట్టి ఆ రోజుల్లో నేనేదో తప్పు చేశానని కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు నా కంప్లయింట్ ఒకటి వినండి. 40 రోజులు కష్టపడి ఏడుస్తాం, ఈస్టర్ ఆదివారం తెల్లారుజామున పాడతాం, సోమవారానికి అయిపోయింది అనుకుంటాం. కాదు! ఈస్టర్ ఒక రోజు కాదు, పెంతెకొస్తు దాకా 50 రోజులు, అంటే లెంట్ కంటే పొడుగు. మనకి దుఃఖపడటంలో ఉన్న క్రమశిక్షణ సంతోషించడంలో లేదు. 325లో జరిగిన నైసియా సభ, అంటే సంఘ పెద్దల మహాసభ, చివరి నియమం ఏంటో తెలుసా, ఆదివారాల్లోనూ ఈ 50 రోజుల్లోనూ మోకాళ్ళ మీద కాదు, నిలబడి ప్రార్థన చెయ్యాలని. తిరిగి లేచినవాడి జనం కదా, లేచి నిలబడమన్నారు. ఈసారి ట్రై చెయ్యండి, 50 రోజులు పొద్దున్నే నిలబడి ప్రార్థన, మూడ్ లేకపోయినా సరే, ఒళ్ళు ముందు లేస్తే మనసు మెల్లగా లేస్తుంది. పైగా ఈస్టర్ తర్వాతి ఆదివారం, చాలా సంఘాల్లో ప్రతి ఏడూ తప్పకుండా తోమా కథే చదువుతారు. గాయాల్లో వేలు పెడితే గానీ నమ్మను అన్నవాడి కథ, అంత పెద్ద పండుగ అయిన వారానికే. తోమా నమ్మకపోయినా మిగతా శిష్యులు అతన్ని గదిలోంచి గెంటెయ్యలేదు చూశారా, ఎనిమిది రోజుల తర్వాత కూడా వాళ్ళతోనే ఉన్నాడు, ఉన్నాడు కాబట్టే ప్రభువుని చూశాడు. డౌట్స్ ఉన్నవాళ్ళు చర్చి మానెయ్యకండి అని నేను చెప్పేది దీన్ని బట్టే.

పెంతెకొస్తుకి ఎరుపు. ఆ తర్వాత ఆకుపచ్చ, నెలల తరబడి ఆకుపచ్చ. సామాన్య కాలం అన్నీ కలిపి 33 లేదా 34 వారాలు, సంవత్సరంలో సగానికి పైనే. పండుగల్లేవు, స్పెషల్ పాటల్లేవు, ప్రతి వారం యేసు ఎవరితోనో భోజనం చెయ్యడం, ఏదో ఒక ఉపమానం చెప్పడం, పొలంలో విత్తనాలు, తప్పిపోయిన గొర్రె, పనివాళ్ళ కూలి. బోరు కొడుతుంది, కొట్టనివ్వండి. మీ జీవితంలో కూడా ఎక్కువ భాగం ఇదే రంగు, కాలేజీకి వెళ్ళడం రావడం, బట్టలు ఉతుక్కోవడం, ఒకే మనిషితో ఒకే విషయం మీద పదోసారి గొడవ పడి పదోసారి క్షమించడం. పెద్ద అనుభవాల కోసం చూడకండి ఈ కాలంలో, రోజూ ఒకే టైముకి ఒక కీర్తన, ఆదివారం విన్న సువార్త బుధవారం ఇంకోసారి, పడుకునే ముందు ఆ రోజు ఎవరి మనసు నొప్పించామో ఒక్క నిమిషం. అంతే చాలు, నిజంగా.

ఇవన్నీ బైబిల్లో ఉన్నాయా అని అడిగేవాళ్ళు ఉంటారు, న్యాయమైన ప్రశ్నే. లెంట్ పాటించమని ఆజ్ఞ ఎక్కడా లేదు, చాలా సంఘాలు పాటించవు, పైగా గలతీయులకి పౌలు దినాలూ మాసాలూ పట్టుకున్నారని కోప్పడ్డాడు కూడా. రోమా 14లో మాత్రం ఒకడు ఒక దినం గొప్పదనుకుంటాడు, ఇంకొకడు అన్నీ సమానమే అనుకుంటాడు, ఎవరి మనసులో వాళ్ళు నిశ్చయం చేసుకోండి, ఒకర్నొకరు తీర్పు తీర్చకండి అన్నాడు. తేదీల దగ్గరే అందరికీ కుదరదు, 2025లో తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలకీ మనకీ ఈస్టర్ ఏప్రిల్ 20నే వచ్చింది, 2026లో మళ్ళీ ఏప్రిల్ 5, ఏప్రిల్ 12 అని వేరైపోయింది. కాబట్టి పాటించని ఫ్రెండ్‌తో వాదన పెట్టుకోకండి. ఇది రక్షణకి మెట్టు కాదు, చెయ్యి పట్టుకుని నడిపించే సాయం.

మొదలుపెట్టాలనుకుంటే పెద్ద ప్లాన్ వద్దు. ఆదివారం పాఠాలు మూడేళ్ళ చక్రం, ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా, యోహాను సువార్త మధ్యమధ్యలో వస్తుంది. 2026 నవంబర్ 29న మొదలయ్యేది మార్కు సంవత్సరం. నాలుగింటిలో అదే చిన్నది, 16 అధ్యాయాలు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. ఆ తేదీకి ముందే ఒకసారి మొత్తం చదివి పెట్టుకోండి, ఎక్కడ అర్థం కాలేదో పెన్సిల్‌తో గీత పెట్టండి, గీతలు పెట్టిన చోట్లు నాకు రాసి పంపండి, ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.

మీ తాతయ్య