భిలాయ్ నుంచి విశాఖ దాకా: ఉక్కు అప్పుల వెనక అగ్రరాజ్యాలు

విశాఖ ఉక్కు అనగానే మనకు 1966 ఉద్యమం, అమృతరావు నిరాహారదీక్ష, కాల్పుల్లో పోయిన 32 ప్రాణాలు గుర్తొస్తాయి. ఆ కర్మాగారం కట్టడానికి సోవియట్లే ఎందుకొచ్చారన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. అది తెలియాలంటే ముందు భిలాయ్, ఆ తర్వాత బొకారో ఉక్కు కర్మాగారాల కథలోకి వెళ్లాలి.

స్టాలిన్ బతికున్నంత కాలం మాస్కోకు నెహ్రూ మీద పెద్ద నమ్మకం లేదు. 1953లో ఆయన పోయాక గాలి మారింది. 1955 ఫిబ్రవరిలో భిలాయ్ ఒప్పందం కుదిరింది: ఏటా 10 లక్షల టన్నుల కర్మాగారం, రెండున్నర శాతం వడ్డీ, 12 వాయిదాలు. అన్నిటికన్నా రుచించిన షరతు, అప్పును రూపాయల్లో తీర్చుకోవచ్చు. విదేశీ మారకం కోసం వెతుక్కుంటున్న దేశానికి అంతకన్నా ఏం కావాలి? అదే ఏడాది చివర్లో సోవియట్ నేతలు కృశ్చేవ్, బుల్గానిన్ మన దేశానికొచ్చి కశ్మీర్‌పై భారత్ వైపే మాట్లాడారు. ఉక్కు, దౌత్యం వేర్వేరు ఖాతాలు కావని అప్పుడే తేలిపోయింది. రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్ సాయం చేశాయి. అమెరికా పేరు మీద మాత్రం ఒక్క ఉక్కు కర్మాగారమూ లేదు.

ఆ లోటు బొకారోతో తీరాల్సింది. ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న గాల్‌బ్రెయిత్ గట్టిగా కోరుకున్నారు, కెనెడీ కూడా సుముఖమే. అడ్డుపడింది వాషింగ్టన్ రాజకీయం. బెర్లిన్‌కు విమానాల్లో సరుకులు చేరవేయించిన జనరల్ క్లే అధ్యక్షతన ఒక కమిటీ 1963 మార్చిలో నివేదిక ఇచ్చింది. ప్రైవేటు సంస్థలతో పోటీపడే ప్రభుత్వరంగ పరిశ్రమలకు అమెరికా సొమ్ము పెట్టకూడదన్నది అందులో ఒక సిఫార్సు. బొకారో అచ్చంగా అలాంటిదే. ప్రతినిధుల సభ కూడా అడ్డం తిరగడంతో, కెనెడీని ఇరకాటంలో పెట్టడం ఇష్టంలేక నెహ్రూయే అభ్యర్థన వెనక్కి తీసుకున్నారు. కమ్యూనిజాన్ని ఆపడానికి సాయం చేస్తామన్నవాళ్లు, కర్మాగారం సొంతదారు ప్రభుత్వమన్న కారణంతో ఆ చోటును ప్రత్యర్థికి వదిలేశారు. 1965 జనవరిలో మాస్కో సంతకం చేసింది.

ఇక్కడ మనవాళ్లు సాధారణంగా దాటేసే ముక్క ఒకటుంది. బొకారోకు మన ఇంజినీరింగ్ సలహా సంస్థ దస్తూర్ కంపెనీ అప్పటికే ప్రాజెక్టు నివేదిక తయారుచేసింది. సోవియట్లు దాన్ని పక్కనపెట్టి తమ డిజైన్ తెచ్చుకున్నారు. ఖర్చు తగ్గించేందుకు దస్తూర్ చేసిన సూచనల్లో చాలావరకు చెల్లలేదు. అగ్రరాజ్యాల పోటీ మనకు కర్మాగారాన్ని ఇచ్చింది గానీ, దాన్ని మనమే గీసుకునే అవకాశం ఇవ్వలేదు. అప్పిచ్చేవాడు వాషింగ్టన్ వాడైనా మాస్కో వాడైనా పెత్తనం తన దగ్గరే ఉంచుకుంటాడు. అదే రోజుల్లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ పీఎల్-480 అనే ఆహార సాయం పథకం కింద ఇచ్చే గోధుమలను ఒకేసారి కాక కొద్దికొద్దిగా వదులుతూ కరువులో ఉన్న మనల్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. వియత్నాంపై మన విమర్శ ఆయనకు గిట్టలేదు.

విశాఖ విషయానికొస్తే, సముద్రతీర కర్మాగారానికి అదే సరైన చోటని 1965లో చెప్పింది ఆంగ్లో-అమెరికన్ కన్సార్టియం, అంటే బ్రిటిష్, అమెరికన్ సంస్థల కూటమి. చోటు చూపినవాళ్లు కట్టలేదు. ఉద్యమం జరిగింది, 1970 ఏప్రిల్‌లో ఇందిర పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ రాయి తప్ప ఇంకేమీ లేదు. 1979 జూన్‌లో సోవియట్ ఒప్పందం కుదిరింది. ఈసారి సవరించిన ప్రాజెక్టు నివేదికను సోవియట్లతో కలిసి తయారుచేసింది ఎవరనుకున్నారు? బొకారోలో పక్కనపెట్టిన ఆ దస్తూర్ కంపెనీయే.

మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ 1990లో రాజుకుంది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఒప్పందంపై సంతకం పెట్టిన సోవియట్ యూనియన్ అప్పటికి ఏడు నెలల కిందటే కనుమరుగైంది.