హద్దు గోడ తగాదాలు: కొత్త ఇంటివారి అపోహలు, కోర్టులో నిలిచే వాస్తవాలు

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు వంటగది ఎటు రావాలి, మెట్లు ఎటు తిరగాలి అన్న విషయాల్లో చూపే శ్రద్ధలో పదోవంతు కూడా ప్రహరీ గోడ మీద చూపరు. ఇల్లంతా పూర్తయ్యాక మిగిలిన ఇటుకలతో, మిగిలిన డబ్బుతో, మేస్త్రీ చెప్పిన చోట గోడ లేస్తుంది. సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదిగా నేను చూసే హద్దు తగాదాల్లో పక్కవారి స్థలం మీద కన్నేసి చేసినవి తక్కువే. సరిగ్గా కొలవకుండా ముగ్గు పోయడం వల్ల మొదలై, ఎవరో చెప్పిన సగం తెలిసిన న్యాయసూత్రాలతో ముదిరినవే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తరచుగా వినిపించే అలాంటి మాటలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: దస్తావేజులో 200 గజాలు అని రాసి ఉంది కాబట్టి నేల మీద 200 గజాలు నాకు దక్కి తీరాలి.

దస్తావేజును రిజిస్టరు చేసే సబ్‌రిజిస్ట్రారు స్థలానికి వచ్చి టేపు పట్టి కొలవరు. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వివరణ దస్తావేజులో ఉండాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. ఆ వివరణ నేల మీద ఉన్న స్థితితో సరిపోతుందా లేదా అన్నది కొనేవారే చూసుకోవలసిన విషయం. అమ్మినవారికి ఉన్న హక్కు కంటే ఎక్కువ హక్కు కొన్నవారికి రాదు. దస్తావేజు షెడ్యూలులో రాసిన చెక్కుబందికీ (నాలుగు వైపులా ఉన్న హద్దుల వివరాలకూ) విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు, హద్దులు స్పష్టంగా, గుర్తించదగినవిగా ఉంటే కోర్టులు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యం ఇస్తాయి. అందువల్ల మీ చెక్కుబందిలో ‘తూర్పు: ఫలానావారి గోడ’ అని రాసి ఉండి, ఆ గోడ వరకు కొలిస్తే 194 గజాలే వచ్చినప్పుడు, మిగిలిన ఆరు గజాల కోసం గోడ అవతలికి వెళ్లే హక్కు మీకు దానంతట అదే రాదు.

విస్తీర్ణం ఎలా తగ్గిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక లేఅవుట్‌లో 30 అడుగుల వెడల్పుతో పది ప్లాట్లు వరుసగా ఉన్నాయనుకోండి. మొదటి ఇంటివారు తమకూ రెండో ప్లాటుకూ మధ్య తొమ్మిదంగుళాల ఇటుక గోడను సరిగ్గా హద్దు గీత మీదే, అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర అంగుళాలు వచ్చేలా కట్టారు. రెండోవారు తమ 30 అడుగులను ఆ గోడ మధ్య నుంచి కొలవాలి, కానీ మేస్త్రీ టేపును గోడ ముఖానికి ఆనించి కొలిచాడు. దాంతో రెండో గోడ నాలుగున్నర అంగుళాలు ముందుకు జరిగింది. మూడోవారు, నాలుగోవారు కూడా అలాగే కొలిస్తే, తొమ్మిదో ప్లాటుకూ పదో ప్లాటుకూ మధ్య గోడ ఉండవలసిన చోటు నుంచి మూడడుగులు జరిగిపోతుంది. పదో ప్లాటు కొన్నవారు సహజంగానే తొమ్మిదో ఇంటివారి మీద మండిపడతారు. తొమ్మిదో ఇంటివారు టేపు పట్టి చూపిస్తారు, వారికి ఉన్నది లెక్క ప్రకారం 30 అడుగులే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ కోర్టుకు వస్తారు.

కాబట్టి పక్కింటి గోడ నుంచి ఎప్పుడూ కొలవకూడదు. మంజూరైన లేఅవుట్ ప్లానులో గుర్తించిన రోడ్డు మూల నుంచి గానీ, ఎవరూ కదపని మూలరాయి నుంచి గానీ మొత్తం వరుసను కొలిపించి, ఆ తర్వాతే ముగ్గు పోయించాలి. దీనికయ్యే ఖర్చు గోడ ఖర్చులో చిన్న భాగమే.

అపోహ: మండల సర్వేయరు వచ్చి గీత గీస్తే ఇక తిరుగు లేదు.

సర్వేయరు కొలత విలువైనదే, కానీ ఆయన ఏ రికార్డుతో కొలిచారన్నది ముఖ్యం. ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ క్షేత్ర కొలతల పుస్తకం) గానీ, తెలంగాణలో టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) గానీ సర్వే నంబరు హద్దులను చూపుతాయి. ఆ సర్వే నంబరులో తర్వాతి కాలంలో వేసిన ప్లాట్ల మధ్య గీతలు వాటిలో ఉండవు. వాటికి లేఅవుట్ ప్లాను, దస్తావేజులే ఆధారం. పైగా పాత ఎఫ్‌ఎంబీల్లో చాలావాటిలో కొలతలు లింకుల్లో ఉంటాయి, ఒక లింకు అంటే 7.92 అంగుళాలు. ఎకరాల పొలం కోసం తయారైన అటువంటి రికార్డుతో నాలుగంగుళాల తగాదాను తేల్చమనడం ఆ రికార్డు మోయలేని బరువును దాని మీద పెట్టడమే.

1923 నాటి సర్వే, హద్దుల చట్టం కింద అధికారికంగా సర్వే జరిపి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఆ హద్దులకు చట్టబద్ధమైన బలం ఉంటుంది. అయినా దానివల్ల నష్టపోయామనుకునేవారు మూడేళ్లలోగా సివిల్ దావా వేసుకునే అవకాశాన్ని ఆ చట్టమే 14వ సెక్షన్‌లో కల్పించింది. ఇక మనం దరఖాస్తు పెట్టి చేయించుకునే ఎఫ్‌-లైన్ (హద్దు గీత) కొలతకు ఇరుగుపొరుగువారికి నోటీసు వెళ్లి ఉండాలి. వారు లేనప్పుడు, వారికి తెలియకుండా జరిగిన కొలత కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా కోర్టులో మొదటి ప్రశ్నకే వాడిపోతుంది.

అపోహ: మున్సిపాలిటీ ప్లాను మంజూరు చేసింది కాబట్టి హద్దు సరైనదే.

నిర్మాణ అనుమతి యాజమాన్యాన్ని గానీ హద్దును గానీ తేల్చదు. దరఖాస్తుదారు ఇచ్చిన కాగితాలు పైకి సరిగా ఉన్నాయా, సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం) నిబంధనల ప్రకారం వదిలారా అన్నంతవరకే అధికారులు చూస్తారు. తెలంగాణలో నిర్మాణ అనుమతుల కోసం 2020 నాటి టీఎస్‌ బీపాస్ చట్టం వచ్చాక చిన్న స్థలాల్లో స్వీయ ధ్రువీకరణతోనే పని జరుగుతోంది, అంటే అక్కడ చెప్పిన కొలత మీరు చెప్పిన కొలతే. సెట్‌బ్యాక్ ఉల్లంఘన మీద మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయవచ్చు, హద్దు దాటి కట్టారన్న వాదనకు మాత్రం సివిల్ కోర్టే దారి.

అపోహ: గోడ నా స్థలంలో ఉంటే చాలు.

గోడ మీ స్థలంలోనే ఉంటుంది, దాని కింద పునాది మాత్రం పక్కవారి స్థలంలోకి వెళ్తుంది. తొమ్మిదంగుళాల గోడకు కింద పునాది మెట్లు రెండు వైపులా బయటకు వస్తాయి. గోడ బయటి ముఖాన్ని సరిగ్గా హద్దు గీతకు ఆనిస్తే, నేల కింద కాంక్రీటు ఒక అడుగు మేరకు అవతలికి చొచ్చుకుపోవచ్చు. ఇది పక్కవారు తమ ఇంటి పునాది తవ్విన రోజున బయటపడుతుంది, అప్పటికి మీ గోడ కట్టి కొన్నేళ్లు అయి ఉంటుంది. భూమి మీద హక్కు పైకీ కిందికీ కూడా వర్తిస్తుంది కాబట్టి, సన్‌షేడు అవతలికి పొడుచుకు రావడం, వాన నీటి గొట్టం పక్క స్థలంలోకి వదలడం కూడా ఆక్రమణ కిందికో ఇబ్బంది కలిగించడం కిందికో వచ్చే విషయాలే. దీనికి రెండు మార్గాలున్నాయి: పునాది మొత్తం మీ వైపే వచ్చేలా ఇంజినీరుతో డిజైను చేయించుకోవాలి, లేదా పక్కవారితో ఒప్పందం చేసుకుని గీత మీద ఉమ్మడి గోడ కట్టుకోవాలి.

ఉమ్మడి గోడకు ఖర్చు ఎవరు ఎంత పెట్టారు, ఎత్తు ఎంత, తర్వాత ఎవరైనా దాని మీద శ్లాబు భారం వేయవచ్చా లేదా అన్నది ముందే రాసుకోవాలి. ముఖ్యంగా భారం సంగతి.

సెల్లారు తవ్వేవారికి ఒక మాట. పక్క నేల సహజ స్థితిలో మీ నేల ఇచ్చే ఆధారాన్ని పొందే హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్క స్థలం మీద ఉండే పరిమిత హక్కుల) చట్టం 7వ సెక్షన్ గుర్తించింది. ‘నా స్థలంలో నేను తవ్వుకున్నాను’ అన్న సమాధానం, పక్కవారి నేల జారిపోయాక చెల్లదు.

అపోహ: పన్నెండేళ్లు అనుభవిస్తే ఆ స్థలం నాదే అవుతుంది.

ఇంతగా ప్రచారంలో ఉన్న మాట మరొకటి లేదు, ఇంత అసంపూర్ణమైనది కూడా లేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం స్థలం స్వాధీనం కోరే యజమాని, ఎదుటివారి స్వాధీనం తన హక్కుకు ప్రతికూలంగా మారిన నాటి నుంచి 12 ఏళ్లలోగా దావా వేయాలి. ఇందులో ‘ప్రతికూలంగా’ అన్నదే కీలకం. అనుభవం బహిరంగంగా, ఎడతెగకుండా, అసలు యజమాని హక్కును కాదంటూ సాగి ఉండాలి. కేవలం చాలాకాలం వాడుకున్నంత మాత్రాన సరిపోదని సుప్రీంకోర్టు 2004లో స్పష్టంగా చెప్పింది. ‘మీ గోడ కట్టుకునే దాకా ఈ మూడడుగుల్లో మొక్కలు పెట్టుకుంటాం’ అని అడిగి వాడుకున్నవారిది అనుమతితో కూడిన అనుభవం, అది ఎన్నేళ్లు గడిచినా ప్రతికూలం కాదు. మరోవైపు, ప్రతికూల స్వాధీనం నిరూపించగలిగినవారు ప్రతివాదిగానే కాక వాదిగా కూడా దాని ఆధారంతో కోర్టుకు రావచ్చని 2019లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, కాబట్టి అసలు యజమాని నిశ్చింతగా కూర్చోవడానికీ వీల్లేదు.

అపోహ: నా కిటికీకి ఎదురుగా పక్కవారు గోడ కట్టకూడదు.

గాలి, వెలుతురు మీద ఈజ్‌మెంటు హక్కు ఏర్పడాలంటే అడ్డంకి లేకుండా, శాంతియుతంగా, హక్కుగా 20 ఏళ్ల అనుభవం కావాలి. కొత్త ఇంటివారికి అది ఉండే అవకాశమే లేదు. పక్కవారు సెట్‌బ్యాక్ వదలకుండా కడుతుంటే అది వేరే ఫిర్యాదు.

అపోహ: పోలీసులకు ఫిర్యాదు చేస్తే గోడ ఆగిపోతుంది.

హద్దు ఎక్కడుందో తేల్చే అధికారం పోలీసులకు లేదు. కొట్లాట, బెదిరింపు, దౌర్జన్యంగా ప్రవేశించడం వంటివి జరిగితే కేసు పెట్టవచ్చు, పెట్టాలి కూడా. స్వాధీనం విషయంలో శాంతిభద్రతలకు భంగం కలిగే పరిస్థితి ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 164వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 145) ఉంది, కానీ అది కూడా యాజమాన్యాన్ని తేల్చేది కాదు. స్టేషనులో కూర్చోబెట్టి రాయించిన రాజీ కాగితాలు తర్వాత నిలబడిన సందర్భాలు నాకు పెద్దగా గుర్తులేవు.

అపోహ: స్టే తెచ్చుకుంటే కేసు గెలిచినట్లే.

తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కేసు తేలేవరకు పరిస్థితిని నిలిపి ఉంచేది మాత్రమే. దాన్ని ఉల్లంఘిస్తే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 39వ ఆర్డరు 2-ఎ రూలు కింద ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు ఉండవచ్చు కాబట్టి దాని విలువను తక్కువ చేయడం లేదు. అయితే దాన్ని కోరే సమయం ముఖ్యం. గోడకు ముగ్గు పోసిన రోజున వచ్చినవారికీ, పైకప్పు వేసి గృహప్రవేశం అయ్యాక వచ్చినవారికీ కోర్టులో ఒకే ఆదరణ ఉండదు. వాది తానే మౌనంగా సమ్మతించిన ఉల్లంఘనను ఆపడానికి నిషేధ ఉత్తర్వు ఇవ్వరాదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41వ సెక్షన్ అంటుంది. ‘ఏముందిలెండి, నాలుగంగుళాలేగా’ అన్న మొహమాటం ఇక్కడే ఖరీదవుతుంది. స్థలం నుంచి అన్యాయంగా తొలగించినప్పుడు యాజమాన్యం నిరూపించకుండానే స్వాధీనం తిరిగి కోరే సదుపాయం అదే చట్టం 6వ సెక్షన్‌లో ఉన్నా, దానికి గడువు ఆరు నెలలే.

పక్కవారు కేసు వేస్తారని అనుమానించి కేవియట్ (కోర్టుకు ముందస్తు విన్నపం) వేసుకునేవారు ఉన్నారు. కేవియట్ 90 రోజుల పాటు మీ మాట వినకుండా ఉత్తర్వు రాకుండా చూస్తుంది, ఉత్తర్వునే ఆపలేదు.

ఇంకొక సంగతి. మీ యాజమాన్యాన్నే పక్కవారు గట్టిగా వివాదాస్పదం చేస్తున్నప్పుడు ఒట్టి ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) దావా సరిపోదని, ఆస్తి మీదేనన్న హక్కు ప్రకటన కూడా కోరాలని సుప్రీంకోర్టు 2008లో వివరంగా చెప్పింది. కోర్టు ఫీజు ఆదా అవుతుందని ఇంజంక్షన్ మాత్రమే అడిగి, ఏళ్ల తర్వాత మళ్లీ మొదటికి వచ్చినవారు ఉన్నారు.

అపోహ: కమిషనర్ వచ్చి కొలిస్తే అంతా తేలిపోతుంది.

సీపీసీ 26వ ఆర్డరు 9వ రూలు కింద కోర్టు అడ్వకేటు కమిషనర్‌ను నియమించి, సర్వేయరు సాయంతో స్థలాన్ని కొలిపించవచ్చు. ఆ నివేదిక సాక్ష్యంలో భాగం, తీర్పు కాదు. దానికి అభ్యంతరాలు దాఖలు చేయవచ్చు, కమిషనర్‌ను ప్రశ్నించవచ్చు. కొలత రోజున మొదట వచ్చే గొడవ టేపు ఎక్కడ ఆనించాలన్నదే. ఒకరు కరెంటు స్తంభం పక్కన రాయి చూపిస్తారు, మరొకరు ఆ రాయి మొన్న రోడ్డు వేసినప్పుడు కదిలిందని అంటారు. అందుకే కొలవవలసిన ఆధార బిందువులను, వాడవలసిన ప్లానును కమిషనర్ నియామకపు దరఖాస్తులోనే స్పష్టంగా అడగాలి. నిర్మాణానికి ముందు తీసిన ఫొటోలు ఉంటే, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇవ్వవలసిన ధ్రువీకరణ పత్రం కూడా వాటికి జత చేయాలి.

అపోహ: వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటే సరిపోతుంది.

ఇప్పటికే ఉన్న గీత ఇదేనని ఇద్దరూ ఒప్పుకుని రాసుకోవడం వేరు, ఒకరి స్థలంలో అడుగు వెడల్పు మరొకరికి ఇచ్చివేయడం వేరు. రెండోది ఆస్తి బదిలీ, దానికి రిజిస్టరైన దస్తావేజు కావాలి. నోటరీ ముద్ర ఆ లోటును తీర్చదు. నా అభిప్రాయంలో ఇరుగుపొరుగు మధ్య కుదిరిన రాజీకి తగిన చోటు లోక్ అదాలత్. కేసు వేయకముందే, కోర్టు ఫీజు లేకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ మండల న్యాయసేవల కమిటీని గానీ ఆశ్రయించవచ్చు. అక్కడ రాజీ మీద వెలువడే అవార్డుకు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అయితే ఆ అవార్డులో ‘హద్దు వివాదం పరిష్కారమైనది’ అని ఒక్క వాక్యం రాయించుకుని రావద్దు. రోడ్డు మూల నుంచి గోడ మధ్య వరకు ముందు వైపు ఎన్ని అడుగులు, వెనుక వైపు ఎన్ని అడుగులు అన్న కొలతలతో స్కెచ్ గీయించి, ఇద్దరూ సంతకాలు చేసి, దాన్ని అవార్డులో భాగంగా జత చేయమని అడగండి.