చెరువు మీద లేచిన టీ నగర్

చెన్నైలో ఇల్లు వెతుక్కునే మనవాళ్లు టీ నగర్ (త్యాగరాయ నగర్) పేరెత్తగానే అనే మాట ‘అన్నీ దగ్గరే’. నిజమే. మాంబళంలో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కితే ఇటు బీచ్, అటు తాంబరం. 2023లో స్టేషన్ నుంచి బస్టాండు దాకా 570 మీటర్ల నడక వంతెన కూడా వచ్చింది. వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ గుడి ఉండనే ఉంది. అయినా గట్టి వాన పట్టిందంటే కింది వాటాల వాళ్లకు టెన్షనే.

వందేళ్ల కిందట ఇక్కడ చెరువుండేది. నుంగంబాక్కం వైపు నుంచి సైదాపేట వైపు సాగిన ఆ పొడవాటి చెరువును ఇంగ్లీషువాళ్లు లాంగ్ ట్యాంక్ అనేవారు. ఊరు కిక్కిరిసిపోతోందని 1923లో దాన్ని పూడ్చి ఇళ్ల స్థలాలు వేయడం మొదలుపెట్టారు. అప్పుడున్నది జస్టిస్ పార్టీ ప్రభుత్వం. పేటకు ఆ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, నడిమధ్య పార్కుకు నాటి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) పానగల్ రాజా పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువాళ్లే. 1931లో బీచ్–తాంబరం లైనుకు కరెంటు రైళ్లు వచ్చాక, టౌనులో ఉద్యోగం చేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం తేలికైంది. కోడంబాక్కం, వడపళని స్టూడియోలు పక్కనే కాబట్టి సినిమావాళ్లూ చేరారు. ఎన్టీఆర్ ఇల్లు బజుల్లా రోడ్డులోనే.

తెలుగు సినిమా హైదరాబాదుకు తరలింది. ఇక్కడ మాత్రం రాకపోకలు సులువు కాబట్టి బట్టల కొట్లు, నగల కొట్లు పెరిగాయి. బావి, కొబ్బరి చెట్లు, ఖాళీ మట్టి ఉన్న ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. వాన ఇంకడానికి నేల మిగల్లేదు. మిగిలిన పాత ఇళ్ల గేట్ల దగ్గర చూడండి, వీధిలోంచి లోపలికి మెట్టు దిగాలి. పాత రోడ్డు తవ్వకుండా ఏళ్ల తరబడి తారు మీద తారు పోస్తే, వీధి లేచింది, ఇల్లు గుంటలో పడింది.

పేటలో నీళ్లు అడయారు నదికి చేరడానికి ప్రధానమైన దారి మాంబళం కాలువ. 2021 నవంబరు 7న చెన్నైలో 20 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినప్పుడు జీఎన్ చెట్టి రోడ్డు, విజయరాఘవ రోడ్డు చెరువులయ్యాయి. సుందరీకరణ పనుల మట్టి, శిథిలాలు కాలువకు అడ్డం పడ్డాయన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ నెలలోనే ప్రభుత్వం రిటైర్డ్ ఐఏఎస్ తిరుప్పుగళ్ అధ్యక్షతన ముంపు నివారణకు కమిటీ వేసింది.

ఫ్లైఓవర్లు, వంతెన, పాండీ బజార్‌లో నడకదారి, ఇప్పుడు పానగల్ పార్కు దగ్గర మెట్రో. మనుషుల రాకపోకలకు ఇంత ఖర్చుపెట్టినవాళ్లు ఆ ఒక్క కాలువకూ అదే శ్రద్ధ చూపి తీరాలి. ఇక్కడ వాటా చూసుకునేవాళ్లకు స్టేషన్ ఎంత దూరమో బ్రోకరు చెబుతాడు. 2021లో ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మాత్రం పక్కింటివాళ్లనే అడగండి.