1500 మీటర్ల గొడవ మొదలైంది టోక్యోలో కాదు, యూజీన్‌లో

2025 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో పోర్చుగల్ రన్నర్ ఇసాక్ నాదెర్ 3:34.10కి 1500 మీటర్లు గెలిచాడు. బ్రిటన్ రన్నర్ జేక్ వైట్‌మన్‌ను దాటింది ముగింపు గీత దగ్గరే, 0.02 సెకన్ల తేడాతో. అప్పటికే నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ తొలి రౌండైన హీట్స్‌లో వెనుదిరిగాడు, అమెరికా రన్నర్ కోల్ హాకర్ సెమీస్‌లో అనర్హుడయ్యాడు, బ్రిటన్ రన్నర్ జోష్ కెర్ ఫైనల్లో గాయపడ్డాడు. దాంతో పాత విమర్శ మళ్లీ లేచింది: ఈ రేసు లాటరీ అయిపోయిందని, మెల్లగా సాగితే చివర్లో ఉరికేవాళ్లే గెలుస్తారని.

2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా రన్నర్ సెంట్రోవిట్జ్ మెల్లని రేసులో 3:50.00కి గెలిచిన కథ అందరికీ తెలిసిందే. అసలు చూడాల్సింది 2022లో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్. పేస్‌మేకర్లు (వేగం నిలబెట్టడానికి ముందు పరిగెత్తేవాళ్లు) లేని ఫైనల్లో గాలిని చీల్చే భారం ముందున్నవాడిదే, వెనకున్నవాడికి ఆ శ్రమ తప్పుతుంది. ఇంగెబ్రిగ్ట్‌సెన్ ముందుండి వేగం పెంచుతూ పోయాడు. వైట్‌మన్ అతణ్ణి వదలకుండా వెంటే ఉండి, 200 మీటర్లు మిగిలినప్పుడు దాటేశాడు. 3:29.23. స్టేడియంలో ఆ రేసు కామెంటరీ చెబుతున్నది అతని తండ్రే. మరుసటి ఏడాది బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో కెర్ దాదాపు అదే పని చేశాడు. రెండింటిలో ఏదీ మెల్లని రేసు కాదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇంగెబ్రిగ్ట్‌సెన్ మొదటి లాప్‌ను సుమారు 55 సెకన్లలో లాగాడు. మొదట్లో అతివేగంగా వెళ్లానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. హాకర్ లోపలి వైపు నుంచి దూరబోతే ఒకసారి దారి మూసుకుపోయింది. ఆఖరి స్ట్రెయిట్‌లో కెర్‌ను అడ్డుకోవడానికి ఇంగెబ్రిగ్ట్‌సెన్ బయటికి జరగగానే, ఆ ఖాళీలోంచే హాకర్ మళ్లీ దూసుకెళ్లాడు. 3:27.65, ఒలింపిక్ రికార్డు. అప్పటిదాకా హాకర్ అత్యుత్తమ సమయం 3:30.59. ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కు నాలుగో స్థానం. మెల్లని రేసుల్లోనే అనూహ్య విజేతలు పుడతారనే వాదన నా దృష్టిలో ఇక్కడే కూలిపోయింది. హాకర్‌ది అదృష్టం కాదు, ఒకసారి దారి మూసుకున్నా కంగారుపడని నిబ్బరం.

ముందుండి గెలవడం అసాధ్యమని కాదు. 2019 దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో కెన్యా రన్నర్ తిమోతీ చెరుయోట్ మొదటి నుంచీ నడిపించి 3:29.26కి గెలిచాడు, అదీ రెండు సెకన్లకు పైగా తేడాతో. చివరి మలుపు నాటికే అతను అందరికీ దూరమయ్యాడు. యూజీన్, బుడాపెస్ట్, పారిస్‌లలో ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కు ఆ ఎడం ఒక్కసారీ దొరకలేదు.