నీళ్లు మానేస్తే మూత్రం ఆగదు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లల్లో మూత్రం ఆపుకోలేని ఆడవాళ్లు ముందుగా నీళ్లు తగ్గించేస్తారు. బరంపురం బస్సెక్కాలంటే పొద్దున్నించీ గొంతు తడపరు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని రేపుతుంది, తొందర పెరుగుతుంది. మలబద్ధకం తోడైతే నిండిన పేగు సంచి మీద ఒత్తుతుంది. గుండె, కిడ్నీ జబ్బులకు డాక్టరు కొలత పెట్టినవాళ్లు తప్ప అందరూ రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు తాగాలి. తగ్గించాల్సింది టీ.

నర్సు ముందు అడగాల్సింది మూడు రోజుల లెక్క. పాత మగ్గు మీద 100 మి.లీ. చొప్పున గీతలు గీసుకుని, ఎప్పుడు ఎంత పోశారో, ఏం చేస్తుండగా కారిందో రాయాలి. రాయడం రానివాళ్లకు ఇంట్లో పిల్లలు రాసిపెట్టొచ్చు. బిందె ఎత్తినప్పుడో దగ్గినప్పుడో కారితే మూత్రసంచిని కిందనుంచి మోసే అడుగు కండరాలు వదులైనట్టు. గడియ తీసేలోపే కారితే సంచి తనంతట తాను ముడుచుకుంటోంది. అలాంటప్పుడు ఒకసారి వెళ్లాక మళ్లీ వెళ్లేదాకా ఉండే వ్యవధిని వారానికి 15 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవాలి. పోసినా తీరనట్టుండి చుక్కలు కారుతుంటే సంచి ఖాళీ కావట్లేదు. ప్రొస్టేట్ (మూత్రసంచి కింద ఉండే గ్రంథి) ఉబ్బిన మగవాళ్లలో, షుగరు ముదిరినవాళ్లలో ఇది చూస్తాం. వీళ్లకు వ్యాయామం చెప్పి పంపేయకూడదు, డాక్టరుకు చూపించాలి.

వదులైన కండరాలకు అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచురించిన వ్యాయామమే ఇప్పటికీ మొదటి వైద్యం. గ్యాసు ఆపుకుంటున్నట్టు మలద్వారం, యోని చుట్టూ ఉన్న కండరాలను లోపలికి, పైకి లాగాలి. 5 సెకన్లు బిగించి, 5 సెకన్లు పూర్తిగా వదలాలి. పూటకు 10 సార్లు, రోజుకు మూడు పూటలు. పోనుపోను బిగింపు 10 సెకన్లకు తేవాలి. చాలామంది ఊపిరి బిగబట్టి ముక్కుతారు; దాంతో ఒత్తిడంతా కిందికే పోయి ఇంకా కారుతుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే తెలిసిపోతుంది: పొట్ట గట్టిపడకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం అలవాటు చేసుకోవద్దు, సంచిలో మూత్రం మిగిలిపోతుంది. బిందె ఎత్తే ముందు, తుమ్ము వచ్చే ముందు ఒకసారి బిగిస్తే అప్పటికప్పుడే కారడం తగ్గుతుంది. అసలు బలం రావడానికి మూడు నెలలైనా పడుతుంది, నెలకే విసిగి మానేయకండి.

ఆసుపత్రి చీటీ ఒడియాలో ఉంటే, సిస్టరు చేత నోటితో చెప్పించుకుని, మీకు అర్థమైంది తిరిగి చెప్పి చూపించండి. మంచి సిస్టరయితే తనే చెప్పమంటుంది.

మూత్రంలో రక్తం, చలిజ్వరం, ఉన్నట్టుండి కాళ్ల మధ్య తిమ్మిరి ఉంటే ఆలస్యం చేయొద్దు. కష్టమైన కాన్పు తర్వాతో గర్భసంచి తీసేశాకో రాత్రీపగలూ ఆగకుండా కారుతుంటే, మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. అది వ్యాయామంతో మానదు. సాధారణంగా ఆపరేషన్‌తో మూసేస్తారు. బరంపురం మెడికల్ కాలేజీలో స్త్రీల విభాగానికి వెళ్లండి.