అయస్కాంత చికిత్స అంటే కరెంటు షాకు కాదు

గుంటూరులోని మా క్లినిక్కులో డిప్రెషన్‌తో బాధపడే పెద్దవారికి టీఎంఎస్, అంటే అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపించే చికిత్స, సంగతి చెప్పగానే, పక్కనున్న కొడుకో కోడలో అడిగే మొదటి ప్రశ్న, "షాకు పెడతారా, డాక్టరు గారూ?" వారి భయం నాకు అర్థమవుతుంది, ఏమీ తెలియకుండా ఆ భయాన్ని ఊరంతా పంచేవారి మీదనే నాకు కోపం.

షాకు చికిత్సలో, అంటే ఈసీటీలో, మత్తు ఇచ్చి విద్యుత్తుతో మెదడులో కొద్దిసేపు ఫిట్స్ తెప్పిస్తారు. అదీ సినిమాల్లో చూపించినట్లు శిక్ష కాదు. తిండి నీళ్లు మానేసేంత తీవ్రమైన కుంగుబాటులో నేటికీ దానిదే పైచేయి. టీఎంఎస్ దారి వేరు. మెలకువగా కుర్చీలో కూర్చున్నవారి నుదుటికి కాస్త పైన, ఎక్కువగా ఎడమవైపున, కాయిల్ (తీగచుట్ట) ఆనిస్తాము. దానిలోంచి వెలువడే అయస్కాంత తరంగాలు పుర్రెను దాటి, రెండు మూడు సెంటీమీటర్ల లోతులోని నాడీకణాలను ప్రేరేపిస్తాయి. చేతి బొటనవేలు కదలడానికి ఎంత శక్తి అవసరమో ముందే చూసి, దానిని బట్టి మోతాదు నిర్ణయిస్తాము. మత్తు ఉండదు, జ్ఞాపకశక్తి పోదు. తలనొప్పి, కాయిల్ ఆనించిన చోట సలపరం కొందరికి ఉంటాయి; ఫిట్స్ రావడం వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువ.

తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన 68 ఏళ్ల రిటైర్డు పంతులమ్మగారికి రెండు రకాల మందులు పనిచేయలేదు. "మతిమరుపు వస్తుందట" అన్న ఇరుగుపొరుగు మాట విని కొడుకు ఎనిమిది నెలలు వాయిదా వేశాడు. ఈలోగా ఆమె సగమయ్యారు. మొదటి రోజు కుర్చీలోంచి లేస్తూ, "ఇంతేనా నాయనా?" అన్నారు. నాలుగో వారంలో, వచ్చేటప్పుడు దారిలో మల్లెపూలు కొనుక్కున్నానని ఆమె చెప్పినప్పుడు, ఆ కొడుకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

వయసు మీరితే పనిచేయదన్నదీ అపోహే. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోయి కాయిల్‌కు దూరమవుతుంది గనుక మోతాదు సరిచూసుకోవాలి, అంతే. 60 ఏళ్లు దాటినవారిపై కెనడాలో జరిగి 2022లో వెలువడిన పరిశోధనలో, టీఎంఎస్‌లోనే కొద్ది నిమిషాల్లో ముగిసే థీటా బర్స్ట్ అనే పద్ధతి ముప్పావు గంట పట్టే పద్ధతికి తీసిపోలేదు.

ఇక, ఒక్క రోజుతో నయం కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు రావాలి. మందులు సొంతంగా మానకూడదు. ఆపరేషన్‌లో తల లోపల అమర్చిన లోహపు క్లిప్పు గానీ లోచెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ గానీ ఉన్నవారికి ఇది తగదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. పాత ఆపరేషన్ల కాగితాలు మొదటి రోజే వెంట తెచ్చుకోండి.