మీ అరలోని నల్ల అట్ట పుస్తకం

పిల్లలూ,

మీరు చేతులు మార్చుకుంటూ చదువుతున్న ఆ కాలేజీ ప్రేమ నవల నేనూ చదివేశాను. మొదటి పేజీలోనే హెచ్చరిక ఉంది: హింస, వెంటపడి వేధించడం, బలవంతం ఉంటాయని. మేం అట్టలేసుకుని దొంగచాటుగా చదివిన పుస్తకాలకి ఆపాటి నిజాయితీ కూడా ఉండేది కాదు. సాయంత్రం మొదలుపెట్టి తెల్లవారుజామున మూడింటికి మూశాను. కాబట్టి బాగాలేదంటే అబద్ధమవుతుంది. బాగుందనడానికీ నోరు రావడం లేదు.

హాస్టల్ మెట్ల మీద ఒక సీనుంది కదా. అతను ఆమె ఫోన్ లాక్కుంటాడు. మెసేజులు చదువుతాడు, ఆమె స్నేహితుడి నంబర్ బ్లాక్ చేస్తాడు, ఫోన్ ఆమె బ్యాగులో పెట్టేసి జిప్పు కూడా తనే వేస్తాడు. అరుపు లేదు, దెబ్బ లేదు. ఆ జిప్పు దగ్గర నాకు ఒళ్లు మండింది. చెయ్యి తిరిగిన రచయిత్రే, సందేహం లేదు.

తర్వాతి అధ్యాయం అతను చెప్తాడు. తల్లి వదిలేసి వెళ్లిన రాత్రి, వీధి గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన ఏడేళ్ల పిల్లాడు. పదిహేను పేజీలు. చదువుతూ చదువుతూ 'పాపం' అనేసుకున్నాను. అనుకున్నాక ఉలిక్కిపడ్డాను. ఫోన్ గురించి అందులో ఒక్క ముక్క లేదు! ఆ నంబర్ ఇంకా బ్లాకులోనే ఉంది.

కిటుకంతా అక్కడే ఉంది. ఒక అధ్యాయం ఆమె గొంతు, ఒకటి అతని గొంతు. అతని మనసు మనకి తెరిచి చూపించారు కాబట్టి మనం మెత్తబడ్డాం. ఆమెకి ఆ పదిహేను పేజీలు ఎవరిచ్చారు? ఆమె చూసింది జిప్పు వేసిన చేతిని. అయినా మనం చదివినదంతా తనూ చదివినట్టే అతన్ని క్షమించేస్తుంది. నా పేచీ దానితోనే. చీకటి కథ రాసినందుకు కాదు.

ఇది ఈనాటి పిచ్చి అనుకునేరు. 1740లో రిచర్డ్‌సన్ అనే లండన్ ప్రింటరు 'పమేలా' రాశాడు. పనిపిల్లని యజమాని బంధిస్తాడు, చివరికి ఆ అమ్మాయి అతన్నే పెళ్లాడుతుంది. జనం ఎగబడి చదివారు. మరుసటి ఏడే ఫీల్డింగ్ అనే ఇంకో రచయిత దాన్ని వెక్కిరిస్తూ ఓ పుస్తకం వేశాడు. తర్వాత రిచర్డ్‌సనే 'క్లారిస్సా'లో లవ్‌లేస్ అనే వాణ్ణి పక్కా దుర్మార్గుడిగా రాశాడు. కానీ కథంతా ఉత్తరాల్లో నడుస్తుంది, లవ్‌లేస్ ఉత్తరాలేమో మహా సరదాగా ఉంటాయి. ఇంకేం, పాఠకులు పడిపోయారు. 1748లో చివరి సంపుటాలు రాకముందే, వాణ్ణి బాగుచేసి పెళ్లి చేసెయ్యమని ఆయనకి ఉత్తరాలు రాశారు. ఆయన వినలేదు. పైగా తర్వాతి ముద్రణల్లో వాడు ఇంకా చెడ్డగా కనపడేలా దిద్దాడు. పాపం పెద్దాయన, సొంత పాత్రతోనే కుస్తీ!

మీ రచయిత్రి ఆ కుస్తీ పట్టలేదు. ఆఖరి యాభై పేజీల్లో కథని పరుగెత్తించి, ఒక క్షమాపణతో సరిపెట్టేసింది. అదీ ఆ అమ్మాయి అడగకుండానే.

పుస్తకం తీసిన చోటే పెట్టాను. జిప్పు సీను దగ్గర పేజీ మూల మడిచాను, తిట్టుకోకండి. అతని అధ్యాయం పక్కన మీలో ఎవరో పెన్సిల్‌తో 'అయ్యో' అని రాశారు. ఎవరని అడగను, నేనూ సరిగ్గా అక్కడే అనుకున్నాను. రెండో భాగం కూడా వచ్చిందటగా, ఎవరి దగ్గరుంది?

మీ
అమ్మమ్మ